కడుపులో తిప్పే పేపరు

మేడమ్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను లైన్లో ఉన్నాను. లైన్ అంటే ఫోను. నా ఉద్యోగమే అది. ఎక్కడో ఓ ఆసుపత్రిలో ఇంగ్లీషు మాత్రమే వచ్చిన డాక్టరు, స్పానిష్ మాత్రమే వచ్చిన రోగి. వాళ్లిద్దరి మధ్యా విశాఖపట్నంలో, మా ఇంటి వెనక గదిలో, చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని నేను. ఆ పూట ఒక తల్లి తన బిడ్డకు వచ్చిన ఫిట్స్ గురించి చెబుతోంది. బల్ల మీద సెల్‌ఫోను వెలిగింది. మా బ్యాచ్ గ్రూపులో ఎవరో పెట్టిన మెసేజ్. "మన స్పానిష్ మేడమ్ ఇక లేరు." చదివాను. తల్లి మాట్లాడుతూనే ఉంది. నేను చెబుతూనే ఉన్నాను. కాల్ అయ్యాక చూసుకుంటే అరచేతులు తడిసి ఉన్నాయి. ఇన్నేళ్లయినా ప్రతి కాల్‌కీ అలాగే తడుస్తాయి. ఆ రోజు మాత్రం తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మేడమ్‌ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆవిడ గది. మూడో అంతస్తులో చివరిది. కిటికీలోంచి సముద్రం, పోర్టులో చోటు కోసం ఎదురుచూస్తూ దూరంగా నిలబడ్డ ఓడలు కనిపించేవి. కానీ ఆవిడ ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవారు. ఎదుటి కుర్చీ మాకు. అందులో కూర్చుంటే కిటికీ వెలుతురంతా మొహం మీద పడి కళ్లు చికిలించుకోవాల్సి వచ్చేది. ఎవరైనా కుర్చీ పక్కకి జరుపుకోబోతే, "అక్కడే, అక్కడే ఉండు," అనేవారు. గొణుగుతూ మాట్లాడితే ఒప్పుకునేవారు కాదు. "నోరు తెరువమ్మా, తాళమేసీనావేటి?" అనేవారు. ఫోన్ మోగితే ఎత్తేవారు కాదు. మెసేజ్ పెట్టమనేవారు. ఇదంతా మేం స్ట్రిక్టునెస్ అనుకునేవాళ్లం. నవ్వితే మాత్రం ఒళ్లంతా కదిలేది, చప్పుడు వచ్చేది కాదు.

పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. చలికాలంలో ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పుస్తకాలతో పాటు ఉడకబెట్టిన తేగలు ఉండేవి. క్లాసులో స్పానిష్, డిపార్ట్‌మెంట్‌లో ఇంగ్లీషు. ఆ గదిలో తలుపేసుకుని మాతో కూర్చుంటే మాత్రం అచ్చం వాళ్ల ఊరి తెలుగు. స్పానిష్ ఎలా నేర్చుకున్నారని అడిగితే, "ఇంగ్లీషు ఎం.ఏ.కని ఎల్లి తప్పు లైన్లో నిలబడీసినాను. ముందుకెల్లాక ఎనక్కి రాబుద్ధి కానేదు," అనేవారు. నిజమో హాస్యమో ఎవరికీ తెలీదు. అంతకు మించి ఆవిడ తన గురించి చెప్పగా నేను వినలేదు.

మా యూనివర్సిటీలో స్పానిష్ మేజర్ కొత్త. చేరేవాళ్లు తక్కువ. ఏటా వేసవిలో ఈ కోర్సు ఎత్తేస్తున్నారట అన్న పుకారు లేచేది. మళ్లీ జూన్‌లో క్లాసులు మొదలయ్యేదాకా మేం నిద్ర లేకుండా ఉండేవాళ్లం. పైగా కొన్ని పేపర్లు తగినంతమంది తీసుకుంటేనే నడిచేవి. అందుకని ఏ సెమిస్టర్‌లో ఏది తీసుకోవాలో, దేనికి ముందు ఏది పూర్తి చేయాలో ప్రతి ఒక్కరితో కూర్చుని ప్లాన్ వేసే పని మేడమ్‌కి అప్పగించారు. మిగతా డిపార్ట్‌మెంట్లలో ఆ పని సంతకం పెట్టడంతో అయిపోయేది. మేడమ్ గదిలో మధ్యాహ్నం అంతా పట్టేది.

మొదటిసారి నన్ను పిలిచినప్పుడు నేను ముందే సిద్ధమై వెళ్లాను. వ్యాకరణం, రాత అనువాదం, సాహిత్యం, పక్కన మైనర్‌గా కంప్యూటర్లు. మాట్లాడే పని ఒక్కటీ లేకుండా డిగ్రీ అయిపోయేలా చూసుకున్నాను. మేడమ్ అది విననే లేదు. పెన్సిల్ చెక్కుకుంటూ నా మొహంలోకి చూసి అడిగారు.

"ఏ పేపరంటే నీకు కడుపులో తిప్పుతాది?"

"ఏది ఇష్టమని అడుగుతారనుకున్నాను మేడమ్."

"ఇష్టమైందానికి నానెందుకమ్మా? అది నువ్వే ఎల్లి తీసుకుంటావు. తిప్పేది సెప్పు."

అబద్ధం చెప్పి ఉండొచ్చు. కానీ ఆ వెలుతుర్లో కూర్చుంటే అబద్ధం ఆడడం కష్టం. "లిజనింగ్," అన్నాను. "ఇంకా... ఇంటర్‌ప్రిటేషన్."

ఇంటర్‌ప్రిటేషన్ అంటే ఒక మనిషి మాట్లాడుతుంటే విని, అక్కడికక్కడే రెండో భాషలో ఇంకో మనిషికి చెప్పడం. నిఘంటువు ఉండదు, చెరిపి రాసుకోవడం ఉండదు. నాకు లిజనింగ్ పరీక్షల్లోనే గుండె దడదడలాడేది. ఆడియోలో ఒక్క మాట జారిపోతే దాని వెనకే పడి, తర్వాత వచ్చేవన్నీ పోగొట్టుకునేదాన్ని. క్లాసులో నా పేరు పిలిస్తే లేచేదాన్ని. తెలిసిన జవాబు కూడా రాకుండా నిలబడిపోయేదాన్ని.

మేడమ్ మూడో ఏడు కింద "ఇంటర్‌ప్రిటేషన్" అని రాశారు.

"వద్దు మేడమ్. నేను ఫెయిలవుతాను. నిజంగా."

"పెన్సిలే కదమ్మా. సెరిపీయొచ్చు," అన్నారు. చెరపలేదు. ఓ తేగ విరిచి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత ప్రతి సెమిస్టర్ మొదట్లో వెళ్లి చెరపమని అడిగేదాన్ని. ఆవిడ ప్రతిసారీ, "మూడో ఏడు కదా, ఇంకా దూరముంది," అని పంపించేసేవారు. దూరం మాత్రం తగ్గుతూనే వచ్చింది. అర్ధరూపాయంత ఉన్న నా భయం అరచేయంత అయింది.

మా నాన్నది ఇంకో భయం. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటర్. తణుకు దగ్గరి పల్లె నుంచి పెళ్లికి ముందే ఇక్కడికి వచ్చేశాడు. కొత్త మెషిన్లు వస్తున్నాయని, మనుషులను తగ్గిస్తారని ఆ రోజుల్లో ఇంట్లో రోజూ అదే మాట. రెండో ఏడు మొదట్లో ఒకరోజు, "మీ మేడమ్ గారితో ఓసారి మాట్లాడాలే," అని డ్యూటీ బట్టలతోనే యూనివర్సిటీకి వచ్చాడు. వెలుతురు కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు.

"తప్పుగా అనుకోకండి మేడమ్ గారూ. మా అమ్మాయి ఇది చదివితే ఉద్యోగం వస్తుందాండీ?"

మేడమ్ వెంటనే అన్నారు. "నాకు తెల్దండి."

నాన్న నా వంక చూశాడు. "మీరే తెలీదంటే మేం ఎవర్ని అడగాలండీ?"

"తెలుసని సెప్పేవోళ్లు ఊర్లో శానామంది ఉన్నారండి. నాను అలగ సెప్పలేను. మీ పాప ఒకసారి తప్పు సేస్తే మల్లీ సెయ్యదు. అది నాను సూసినాను. మాట్లాడ్డానికే బయపడతంది. ఆ బయం ఇప్పుడు పోకపోతే, ఏ సదువు సదివినా అక్కడే ఆగిపోతాది. ఉద్యోగం సంగతి తరవాత."

నాన్న లేచి దణ్ణం పెట్టాడు. బస్సు గాజువాక దాటింది. తర్వాత, "స్పానిష్ మేడమ్ అంటే ఎలా ఉంటారో అనుకున్నాను. మన పక్కింటి పెద్దమ్మలా ఉన్నారు," అన్నాడు. టికెట్టు మడతపెడుతూ, "నిజం చెప్పారు. అదే భయంగా ఉందే," అన్నాడు.

క్లాసులో మేడమ్ చెప్పినవాటిలో ఒకటి నాకు బాగా గుర్తు. స్పానిష్ పుస్తకంలో ఉన్నట్టు అందరూ మాట్లాడరని, సముద్రం ఒడ్డున ఉండేవాళ్లు మాట చివర 'స' ని మింగేస్తారని చెప్పి, ఎప్పుడూ లేనిది తెలుగులోకి దిగి, "మనవోళ్లు 'చ' ని 'స' సేత్తారు. ఆళ్లు ఆ 'స' కూడా ఉంచరు. ఒడ్డునున్నోళ్లకి ఎక్కడైనా తొందరే," అన్నారు. మేమంతా నవ్వాం. ఆవిడ అలాంటి మాటలను బోర్డు మీద రాసి చూపించారు గానీ, ఆడియో వేసి వినిపించలేదు.

రెండో ఏడు పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఇక మూడో ఏడు పేపర్లు ఖాయం చేసుకోవాలి. ఎలాగైనా ఆ రోజు చెరిపించేయాలని నిశ్చయించుకుని మధ్యాహ్నం మేడమ్ గదికి వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే ఆఫీసు అటెండరు సెల్‌ఫోన్ పట్టుకుని పరుగున వచ్చాడు. "మేడమ్, పోర్టు వాళ్లు. ఏదో ఆసుపత్రి నుంచి. స్పానిష్ తెలిసినోళ్లు కావాలంట, అర్జంటంట."

మేడమ్ ఫోన్ అందుకోలేదు. నా వంక తోశారు. "నువ్వు మాట్లాడమ్మా. ఏటో కనుక్కో."

అవతల తెలుగే. ఓడల ఏజెన్సీలో పనిచేసే ఓ కుర్రాడు. లంగరేసిన ఓడ నుంచి ఒక నావికుణ్ణి దించి ఆసుపత్రికి తెచ్చారు. కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతున్నాడు. వెంటనే ఆపరేషన్ చేయాలంటున్నారు. అతనికి స్పానిష్ తప్ప ఏదీ రాదు. ఫోన్లో అనువాదం చేసే యాప్ పెట్టి చూశారు, అతను మూలిగే మాటలు దానికి అందడం లేదు. నేను అది చెబుతుంటే మేడమ్ నా పెదాల మీంచి చూపు తిప్పలేదు. విన్నాక చీర కొంగు నడుముకి దోపి, "పద," అన్నారు.

"నేనెందుకు మేడమ్?"

"పద పద."

ఆటోలో కాన్వెంట్ జంక్షన్ వైపు వెళుతుంటే లారీల రొద. మేడమ్ తనలో తాను మాటలు అనుకుంటున్నారు. కడుపు, నొప్పి, వాంతి, మందు, మత్తు. అన్నీ స్పానిష్‌లో. వేళ్లు ఒళ్లోని బ్యాగు పట్టీని మెలిపెడుతున్నాయి. ఆవిడకి కంగారుగా ఉందని నాకు అప్పుడే మొదటిసారి తెలిసింది. అది చూశాక నాకు చెమటలు పట్టాయి.

లోపల ఏసీ చల్లదనం, స్పిరిట్ వాసన. అతను చిన్నవాడు, నాకంటే రెండు మూడేళ్లు పెద్దేమో. మొహానికి ఆక్సిజన్ మాస్కు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పక్కకి పడుకున్నాడు. అతన్ని చూడగానే మేడమ్ స్పానిష్‌లో ఒక్క మాట పలకరించారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ కొంగు చివర పట్టుకున్నాడు.

పక్కన సర్జన్, ఆయన పక్కన మత్తు ఇచ్చే డాక్టరమ్మ. ఆవిడే మాట్లాడింది. "అపెండిక్స్ పగిలేలా ఉంది. టైమ్ లేదు మేడమ్. రెండే అడగండి. ఇంతకు ముందు ఆపరేషన్ ఏదైనా అయిందా? మత్తు మందుతో ఇతనికి గానీ, ఇంట్లో వాళ్లకి గానీ ఏదైనా ఇబ్బంది వచ్చిందా?"

మేడమ్ అడిగారు. ఎంత స్పష్టంగా అడిగారంటే ప్రతి అక్షరం విడిగా వినిపించింది. అతను తల అడ్డంగా ఊపాడు. మాస్కు లోపల ఏదో అన్నాడు, చాలా తొందరగా, మూలుగుతో కలిపి. మేడమ్ అతని మాస్కు వైపు చూశారు. ఇంకోసారి అడిగారు. అతను మళ్లీ తల అడ్డంగా ఊపి మళ్లీ అన్నాడు.

మేడమ్ డాక్టరమ్మ వైపు తిరిగి, "లేదంటున్నాడండీ. ఏమీ లేదంట," అన్నారు.

సర్జన్ సరేనని చేతులు కడుక్కోవడానికి కదిలాడు. నర్సు స్ట్రెచర్ బ్రేకు తీసింది.

నాకు వేరే మాట వినపడింది.

"మి ఎర్మానో" అన్నట్టు వినిపించింది. "మి ఎర్మానో" అంటే నా సోదరుడు. దాని తర్వాత ఒక మాట, చివర మింగేసింది. చనిపోవడం అన్న మాటలా ఉంది. కాదేమో. నాకు లిజనింగ్‌లో ఎప్పుడూ తప్పులే కదా. అతను సోదరుణ్ణి తలచుకుని ఏడుస్తున్నాడేమో. మేడమ్‌కి తెలియనిది నాకు తెలుస్తుందా? ఇంతమంది డాక్టర్ల ముందు మేడమ్‌ని తప్పు పట్టనా? స్ట్రెచర్ చక్రాలు కదిలాయి. క్లాసులోలాగే నిలబడిపోయాను. మేడమ్ చేయి పట్టుకుని లాగాను.

"మేడమ్... ఏదో... ఎర్మానో అన్నాడు."

ఆవిడ నా వైపు తిరిగారు. నా నోటి వైపు చూశారు. నేను పెదాలు కదిలిస్తూ మళ్లీ అన్నాను, "ఎర్మానో."

ఆ మొహం నేను ఎప్పటికీ మరచిపోను. మొహంలో రక్తం మొత్తం దిగిపోయింది. ఒక్క క్షణం ఆవిడ అలా నిలబడ్డారు. ఆ క్షణంలో, "నువ్వు ఊరుకో, నీకేం తెలుసు," అనడం ఆవిడకి ఎంతో తేలిక. స్ట్రెచర్ తలుపు దాకా వెళ్లిపోయింది.

"డాక్టర్ గారూ, ఆగండి!" గది అదిరేలా అరిచారు. "ఆపండమ్మా! నాకు ఇనపడనేదు. ఆయనేటన్నాడో నాకు ఇనపడనేదు. నాను తప్పు సెప్పినాను. ఈ పిల్లకి ఇనపడింది. ఈ పిల్ల అడుగుతాది."

యూనివర్సిటీ బయట, కొత్తవాళ్ల ముందు ఆవిడ నోట ఆ తెలుగు వినడం నాకు అదే మొదటిసారి.

అందరూ నా వైపు చూశారు. మేడమ్ నన్ను భుజాలు పట్టుకుని స్ట్రెచర్ దగ్గరికి తోశారు. నేను వంగి అతని మాస్కుకి చెవి ఆనించాను. అతని ఊపిరి వేడిగా తగిలింది. నా గుండె చప్పుడే నాకు అడ్డం పడుతోంది. అడిగాను. నా స్పానిష్ ముక్కలు ముక్కలుగా వచ్చింది. "మీ సోదరుడికి ఏమైంది? నెమ్మదిగా చెప్పండి. ఇంకోసారి."

అతను చెప్పాడు. మాట చివరలన్నీ మింగేస్తూనే చెప్పాడు. ఈక్వడార్ ఒడ్డున ఏదో ఊరు. ఒక మాట జారిపోయింది. దాని వెనక పరుగెత్తబోయి ఆగాను. పోతే పోనీ అనుకుని తర్వాతి మాట పట్టుకున్నాను.

"సోదరుడికి... కాలు ఆపరేషన్," అన్నాను తెలుగులో. "అన్నో తమ్ముడో తెలీదు డాక్టర్ గారూ, వాళ్ల భాషలో రెంటికీ ఒకటే మాట. నిద్రపుచ్చారు. గాలి పీల్పించి నిద్రపుచ్చారు. ఒళ్లు కాలిపోయింది... మంట కాదు, జ్వరంలాగ, బాగా వేడెక్కిపోయింది. ఒళ్లు కర్రలా బిగుసుకుంది. మళ్లీ లేవలేదు. ఆ బల్ల మీదే పోయాడు. నాకు ఆ మత్తు వద్దు, వద్దు అంటున్నాడు."

డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది. "వేడెక్కింది, బిగుసుకుంది అన్నాడా? కచ్చితంగా?"

కచ్చితంగా. ఆ మాట నా ప్రాణం తీసింది. తప్పైతే? నేను మళ్లీ వంగి అడిగాను. అతను చేతి పిడికిలి బిగించి, తన దవడ బిగించి చూపించాడు. "అవునండీ," అన్నాను.

తర్వాత అంతా వేగంగా జరిగింది. డాక్టరమ్మ ఎవరినో కేకేసింది. మత్తు ఇచ్చే మెషిన్ మార్చమంది, మందులు మార్చమంది. అతన్ని లోపలికి తీసుకెళ్లారు. మేం బయట బెంచీ మీద కూర్చున్నాం. కొందరి ఒంటికి కొన్ని మత్తు వాయువులు పడవని, అది అన్నదమ్ముల్లో ఉండొచ్చని, తెలియకుండా ఇచ్చి ఉంటే బతకడం కష్టమయ్యేదని డాక్టరమ్మ బయటికొచ్చాక చెప్పింది. అప్పటికి ఎండ వాలిపోయింది. అతను బాగానే ఉన్నాడు.

డాక్టరమ్మ వెళ్లిపోయాక మేడమ్ నా వైపు తిరిగారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు.

"ఎడం సెవి ఎప్పుడో పోయిందమ్మా. కుడిది కూడా పోతంది. మూతులు సూసుకుని నెట్టుకొత్తన్నాను. ఆడికి మాస్కు ఉంది కదా. మూతి కనపడనేదు."

"మెషిన్ పెట్టుకోవచ్చు కదా మేడమ్."

"పెట్టి సూసినాను. గోల తప్ప మాట రాదు. కాంట్రాక్టు ఉద్యోగం నాది, ఏటా రాయించుకోవాల. ఇనపడని మనిసి బాస ఎలగ సెప్తాదంటారు. అదీ నిజమే కదా? అందుకే ఎవలికీ సెప్పనేదు." ఆపరేషన్ గది తలుపు వైపు చూశారు. "తల ఊపినాడు కదా, లేదనే అనుంటాడు, అనుకున్నాను. అనుకుని సెప్పీసినాను. నువ్వు రాపోతే ఆ పిల్లోడు..."

ఇద్దరం భయపడిన మనుషుల్లా పక్కపక్కనే కూర్చున్నాం. క్యాంటీన్ నుంచి టీ తెస్తే ఆవిడ కప్పు నేనే పట్టుకోవాల్సి వచ్చింది.

మర్నాడు ఉదయం మేడమ్ నేరుగా హెడ్ గదికి వెళ్లి చెప్పేశారు. ఎవరూ అడగలేదు. డాక్టర్లు గానీ, నేను గానీ ఎవరికీ చెప్పలేదు. నేను వరండాలో నిలబడ్డాను. ఆవిడ బయటికి వచ్చినప్పుడు నవ్వలేదు, ఏడవలేదు. "సెప్పీసినాను," అన్నారు. వారం తిరక్కుండా మాట్లాడే క్లాసులు, లిజనింగ్ క్లాసులు కొత్తగా వచ్చిన లెక్చరర్‌కి ఇచ్చేశారు. మేడమ్‌కి వ్యాకరణం, పిల్లల ప్లాన్లు మిగిలాయి. కాంట్రాక్టు ఉన్నంతవరకే, ఆ పైన చూద్దామన్నారట. మా క్లాసులో కొందరు, ఇన్నాళ్లూ మనం చెప్పింది ఆవిడకి వినపడిందా, మార్కులు ఎలా వేశారు అని గుసగుసలాడారు. నాకు కోపం వచ్చింది. కానీ అదే సందేహం నాకూ రాకపోలేదు.

ఆ నావికుణ్ణి చూడడానికి ఇద్దరం ఇంకోసారి వెళ్లాం. జావ తాగుతూ కూర్చున్నాడు. నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటుంటే అడిగేశాను. ఆ సోదరుడు అన్నా, తమ్ముడా? అన్న అన్నాడు. ఇంట్లో పెద్దవాడు. మేడమ్ అతని నోటి వైపే చూస్తూ తల ఊపారు. ఈసారి మాస్కు లేదు కాబట్టి ఆవిడకీ అందింది.

తిరిగొచ్చాక మూడో ఏడు ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాం. ఆవిడ పెన్సిల్ వెనక రబ్బరు నా వైపు తిప్పారు.

"ఉంచీమంటావా, సెరిపీమంటావా? ఈసారి నాను సెప్పను."

"ఇప్పుడు ఇంకా ఎక్కువ భయమేస్తోంది మేడమ్."

నిజమే అది. అప్పటిదాకా నా భయం మార్కుల గురించి, నలుగురూ నవ్వుతారని. ఒక మాట సరిగ్గా వినకపోతే ఏమవుతుందో ఇప్పుడు కళ్లారా చూశాను. ఆ స్ట్రెచర్ చక్రాల చప్పుడు కలలోకి కూడా వచ్చేది.

"నాకూ ఏస్తంది," అన్నారు మేడమ్. "నాకు ఇంక ఆ పని నేదు. నీకుంది."

ఉంచమన్నాను. ఆ పేపరు నడవాలంటే తగినంతమంది కావాలి. మేడమ్ తానే హాస్టల్ మెట్లెక్కి, ఒక్కొక్కరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగారు. చివరి రోజు దాకా చాలలేదు. ఆఖర్న ఇద్దరు చేరారు. పేపరు నడిచింది. నేను మొదటి పరీక్షలో చాలా ఘోరంగా చేశాను, తర్వాత కొంచెం తక్కువ ఘోరంగా. ఆ ఏడు చివర మేడమ్ కాంట్రాక్టు మళ్లీ రాయలేదు. వెళ్లేరోజు గది ఖాళీ చేస్తుంటే నేను పుస్తకాల సంచి పట్టుకుని బస్టాప్ దాకా వెళ్లాను. ఏదో చెప్పాలనుకున్నాను. రొదలో ఎలాగూ వినపడదు. ఆవిడ బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, నోరు తెరిచి మాట్లాడమని సైగ చేశారు. బస్సు కదిలిపోయింది.

తర్వాత అప్పుడప్పుడూ మెసేజ్‌లు పెట్టుకునేవాళ్లం. నాకు ఈ ఉద్యోగం వచ్చిందని రాస్తే, "కడుపులో తిప్పతందా?" అని రాశారు. "ప్రతిరోజూ" అన్నాను. "మంచిది. తిప్పడం ఆగిపోతే మానీ," అన్నారు.

మరణవార్త వచ్చాక వచ్చిన ఆదివారం పద్మనాభం వెళ్లాను. వరి కోతలయిన పొలాల మధ్య ఇల్లు. మేడమ్ భర్త అరుగు మీద కూర్చుని ఉన్నారు. బక్కపలచని రైతు. నా పేరు చెప్పగానే, "ఆస్పత్రి అమ్మాయివి కదూ? సెప్పీది," అని లేచి కుర్చీ వేశారు. టీ తానే పెట్టి తెచ్చారు. చివరి ఏడాది జబ్బుతోనే గడిచిందని, చెవులు పూర్తిగా పోయాయని చెప్పారు.

"ఒకటడగనా అమ్మా?" అన్నారు. "మజ్జానాలు జొరంతో మాగన్నుగా పడుకుని ఒకటే మాట అనీది. నాకా బాస తెల్దు. మెవోయే, మెవోయే అని. దేవుడి పేరనుకున్నాను. ఏటమ్మా అది?"

నేను ఆ మాట నా నోట్లో ఒకటి రెండుసార్లు పలికి చూసుకున్నాను. మే ఓయెస్, చివరి 'స' మింగేస్తే మే ఓయే.

"నా మాట నీకు వినపడుతోందా, అని అంకుల్."

ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు.

"అలగ అని, నా పీక మీద సెయ్యేసి పట్టుకునీది. ఏటో అడుగుతందని నాను ఊఁ అనీవోణ్ణి. సేతికి అదురు తగిలీదేమో, అప్పుడు నిద్రపోయీది." ఆయన గొంతు మీద తన చేయే ఆనించుకున్నారు. "అయితే సరిగ్గానే సెప్పినానన్నమాట."